గడుల్లో ఇమడని దారులు: వ్యూహాత్మక వీడియో గేముల్లో ఐనూ నేల, దక్కన్ తండా

వ్యాస సంగ్రహం

జపాన్ చరిత్ర ఆధారంగా వచ్చిన వ్యూహాత్మక వీడియో గేముల్లో ఐనూ ప్రజల నేల పటం బయట ఉండిపోతుంది, లేదా వలసకు సిద్ధంగా ఉన్న ఖాళీ చోటుగా కనిపిస్తుంది. దక్కన్ పీఠభూమిలో వికారాబాదు, తాండూరు ప్రాంతానికి పట్టిన గతి దీనికి తలకిందులు. ఇక్కడ నేల ఎన్నడూ ఖాళీగా ఉండదు. కానీ దానిమీద సరుకు మోస్తూ తిరిగిన లంబాడా బిడారులకు అందులో చోటు లేదు. ఈ రెండు అదృశ్యాలకూ మూలం ఒకటేనని, 1860–70ల నాటి భూమి సర్వే దృష్టిని అంతకు శతాబ్దాల ముందటి కాలంమీద పరచడమే ఆ మూలమని ఈ వ్యాసం వాదిస్తుంది.

కీలక పదాలు: వ్యూహాత్మక వీడియో గేములు, ఐనూ, ఎజో, లంబాడా, తండా, దక్కన్ చరిత్ర, వికారాబాదు, తాండూరు

1. ఉపోద్ఘాతం

వ్యూహాత్మక వీడియో గేమును కథగా చదవబోతే పెద్దగా ఏమీ దొరకదు. సంభాషణలు తక్కువ, వర్ణన అంతకంటే తక్కువ. ఉన్నదంతా ఒక పటం, కొన్ని అంకెలు, ఆ అంకెల్ని పెంచుకోవడానికి ఆటగాడి చేతికిచ్చిన కొన్ని మీటలు. అందువల్ల సాహిత్య విమర్శలో మనకు అలవాటైన పాత్రచిత్రణ, శైలి, రసం వంటి కొలమానాలు ఇక్కడ తొందరగా చేతులెత్తేస్తాయి. ఇయాన్ బోగోస్ట్ 2007లో చేసిన ప్రతిపాదన ఈ చోట పనికివస్తుంది. గేము తన వాదాన్ని మాటల్లో చెప్పదు, నియమాల ద్వారా చెబుతుంది అన్నది దాని సారాంశం. ఏ పనికి ప్రతిఫలం ఉంది, ఏ పని చేయడానికి మీటే లేదు అన్నవి చూస్తే ఆ గేము లోకాన్ని ఎలా అర్థం చేసుకుందో తెలుస్తుంది.

ఈ తరహా ఆటల్లో ఒక ప్రధాన శాఖకు అలన్ ఎమ్రిచ్ అనే సమీక్షకుడు 1993లో పెట్టిన పేరు నాలుగు క్రియలతో ఏర్పడింది: అన్వేషించడం, విస్తరించడం, దోచుకోవడం, నిర్మూలించడం. ఆయన దాన్ని సరదాగానే అన్నాడు. పేరు మాత్రం స్థిరపడిపోయింది. ఆ క్రియలకు కర్త ఎవరో అందరికీ తెలుసు. కర్మస్థానంలో ఉన్నది ఎవరు అన్న ప్రశ్నను మన దేశం నుంచి గట్టిగా అడిగినవారిలో సౌవిక్ ముఖర్జీ ముఖ్యులు. వలసానంతర దృష్టితో వీడియో గేములను పరిశీలించిన ఆయన ఆంగ్ల గ్రంథం 2017లో వెలువడింది. ఆ ప్రశ్ననే ఇక్కడ రెండు చిన్న చోట్లకు పరిమితం చేసి అడుగుతున్నాను. ఒకటి జపాన్‌కు ఉత్తరాన ఉన్న ఐనూ నేల. రెండోది అనంతగిరి కొండలకు, కాగ్నా నదికి మధ్య ఉన్న మన నేల. వీటి మధ్య పోలిక మొదట అసహజంగా తోచవచ్చు. రెండు చోట్లా ఆట నియమాలను పక్కపక్కన పెట్టి చూశాకే పోలిక ఎక్కడుందో తేలుతుంది.

2. బియ్యంతో కొలిచిన పటం

2011లో వచ్చిన ‘టోటల్ వార్: షోగన్ 2’ పదహారో శతాబ్దపు జపాన్ అంతర్యుద్ధాల ఆట. అందులో ప్రధాన కథాక్రమం 1545లో మొదలవుతుంది. ఉత్తరాన హోన్షు ద్వీపపు కొసతో పటం ఆగిపోతుంది. ఆ కొస దాటి సముద్రపు పాయకు అవతల ఉన్న ఎజో, అంటే నేటి హొక్కైడో, అందులో లేదు. దీన్ని కేవలం పటం చాలకపోవడంగా తీసుకోవచ్చు. అయితే ఆ ఆటలో డబ్బుకు పెట్టిన పేరు గమనించదగింది: కోకు. ఒక మనిషికి ఏడాదికి సరిపడే బియ్యంగా భావించిన కొలత అది. తొకుగావా కాలంలో ప్రభువుల హోదాను, సైనిక బాధ్యతను ఆ కొలతతోనే లెక్కకట్టారు. ఎజోలో అప్పట్లో వరి పండేది కాదు. అందుకే ఆ దీవి దక్షిణపు కొసన ఉన్న మత్సుమాయే ప్రభువుల సంస్థానం బియ్యపు లెక్కకు బయట ఉండేది. వారి ఆదాయం ఐనూలతో చేసే వ్యాపారం మీద ఆధారపడింది. ఆ వ్యాపారంపై గుత్తాధికారాన్ని తొకుగావా ఇయెయాసు 1604లో వారికి రాసి ఇచ్చాడు. బియ్యాన్ని కొలమానంగా తీసుకున్న ఆటకు ఎజో అక్కరలేకపోవడం ఆ విధంగా సహజమే. చరిత్రలో పాలకులు వాడిన కొలతనే ఆట వాడింది. ఆ కొలతకు అందని నేలను పాలకుల కంటే ఒక అడుగు ముందుకు వెళ్ళి ఆట పూర్తిగా వదిలేసింది.

కానీ ఆ నేలమీద జరుగుతున్నది తక్కువేమీ కాదు. ఐనూ గ్రామం, వారి మాటలో కొతాన్, సాధారణంగా నది ఒడ్డున ఉంటుంది. ఆ నది చేపలు, దానికి ఎగువన ఉన్న అడవి, జంతువుల దారులు కలిసి ఇవొర్ అనే జీవనక్షేత్రం ఏర్పడుతుంది. దాని హద్దులు గీతలుగా కంటే నీటిపాయలుగా అర్థం చేసుకోవలసినవి. అక్కడి నుంచి ఎండుచేప, తోళ్ళు, గద్ద ఈకలు దక్షిణానికి పోయేవి. బియ్యం, మద్యం, లక్క పాత్రలు, ఇనుప పనిముట్లు వచ్చేవి. ఉత్తరాన సఖాలిన్ మీదుగా ఆమూర్ నదీ ప్రాంతం నుంచి చైనా పట్టువస్త్రాలు ఐనూల చేతుల మీదుగానే జపాన్ చేరేవి. అంటే ఐనూలు లోకానికి దూరంగా ఒక మూల బతికినవారు కారు. రెండు పెద్ద రాజ్యవ్యవస్థల మధ్య సరుకు నడిపినవారు. మత్సుమాయే వర్తకులు మారకానికి ఇచ్చే బియ్యపు మూటల పరిమాణాన్ని తగ్గిస్తూ పోవడం 1669 నాటి షకుషైన్ తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఒకటి. బ్రెట్ వాకర్ 2001లో ప్రచురించిన అధ్యయనం ఈ వ్యాపారమే క్రమంగా ఐనూలను ఆధారపడే స్థితికి ఎలా తెచ్చిందో వివరిస్తుంది. వాకర్ వాదంలో నాకు విలువైనదిగా తోచేది ఏమిటంటే, ఆక్రమణ సైన్యంతో మొదలుకాలేదు, తూకంతో మొదలైంది. యుద్ధాన్నే ప్రధాన క్రియగా పెట్టుకున్న ఆటకు ఈ రకపు ఓటమిని చూపే మీట లేదు.

మరుసటి ఏడాది వచ్చిన ‘ఫాల్ ఆఫ్ ది సమురాయ్’లో ఎజో పటంలోకి వచ్చింది. ఆ ఆట 1868–69 నాటి బోషిన్ యుద్ధం గురించి. ఆ సమయంలో ఎనొమొతో తకెయాకి నాయకత్వంలో ఓడిపోతున్న తొకుగావా పక్షం హకొదాతేకు చేరి ఎజో గణతంత్రం అనదగ్గ ప్రభుత్వాన్ని కొన్ని నెలలు నడిపింది. ఆటలో కూడా ఒక దశ దాటాక ఆటగాడు చక్రవర్తినీ షోగన్‌నూ కాదని గణతంత్రం ప్రకటించుకోవచ్చు. ఎజో అన్న పేరుకు రాజకీయ గౌరవం దక్కిన ఒకే ఒక్క సందర్భం సమురాయిల గణతంత్రం కావడం చరిత్రలో ఉన్న విడ్డూరమే. 1869 జూన్‌లో ఆ ప్రభుత్వం లొంగిపోయింది. అదే ఏడాది దీవి పేరు హొక్కైడోగా మారింది, వలస అభివృద్ధి కార్యాలయం కైతకుషి ఏర్పడింది. ఐనూల దృష్టిలో అసలు కథ అక్కడి నుంచి మొదలవుతుంది. ఆట అక్కడ ముగుస్తుంది.

స్వీడన్ సంస్థ పారడాక్స్ 2013లో విడుదల చేసిన ‘యూరోపా యూనివర్సాలిస్ 4’ పద్ధతి వేరు. 1444 నవంబరు 11న మొదలై 1821 వరకు సాగే ఈ ఆటలో పటం ప్రపంచమంతా పరచుకుంటుంది. రాజ్యం లేని చోట్లు వలసకు తెరచిన చోట్లుగా ఉంటాయి. అటువంటి ప్రతి గడికీ స్థానికుల సంఖ్య, వారి దూకుడు, వారి క్రూరత్వం అనే అంకెలు ఉంటాయి. ఆటగాడు వలసదారులను పంపుతాడు. వారి సంఖ్య 1,000 చేరితే అది పూర్తి స్థాయి ప్రాంతమవుతుంది. మధ్యలో స్థానికులు అడ్డుతగిలితే వారిపై దాడి చేయడానికి ప్రత్యేకంగా ఒక మీట ఉంది. స్థానికులకు తమవైపు నుంచి ఆడగల మీట ఒక్కటీ లేదు. నవీకరణల తరువాతి రూపాల్లో ఐనూ పేరుతో ఒక చిన్న రాజ్యాన్ని పటంలో చేర్చారు. ఆ చేర్పు గురించి ఆరో భాగంలో మాట్లాడతాను.

3. ఎప్పుడూ నిండుగానే ఉన్న నేల

ఇదే ఆటలో వికారాబాదు, తాండూరు ఎక్కడున్నాయి? పేర్లు వెతికితే దొరకవు, దొరకాలని ఆశించడం కూడా న్యాయం కాదు. వికారాబాదు పేరు పాయిగా వంశపు వికారుల్ ఉమ్రా మీదుగా వచ్చిందని చెబుతారు కనుక 1444 పటంలో ఆ పేరుంటే అదే కాలవిరోధం అవుతుంది. నేల మాత్రం ఉంది. అప్పటికి బహమనీల రాజధాని గుల్బర్గా నుంచి బీదరుకు మారింది. పటంలో మన ప్రాంతం బీదరు, గోల్కొండ వంటి పేర్లున్న గడుల కింద సర్దుకుంటుంది. 1700లో మొదలయ్యే ‘ఎంపైర్: టోటల్ వార్’లో గడులు ఇంకా పెద్దవి. అక్కడ తెలంగాణ మొత్తం దాదాపుగా హైదరాబాదు అన్న ఒకే ప్రాంతంలో కలిసిపోతుంది.

(గడి అన్న మాట వాడుతున్నప్పుడు తెలంగాణ పాఠకుడికి దొర గడీ కూడా గుర్తురాక మానదు. రెండింటి పనీ ఒకటే: చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఒక్క పేరు పెట్టడం, వాటి లెక్కంతా ఒక్క చోట చూడటం.)

ఎజోతో పోలిస్తే ఇక్కడ ఖాళీ లేదు. 1444లోనైనా 1700లోనైనా ఈ నేలకు యజమాని ఉన్నాడు, పన్ను ఉంది, సైనిక బలం ఉంది. దక్కన్ మనుషుల్ని ఏ ఆటా ‘స్థానికుల సంఖ్య’గా లెక్కపెట్టలేదు. దీన్ని గౌరవంగా భావించే ప్రమాదం ఉంది. అయితే భౌగోళికంగా ఈ ప్రాంతాన్ని చూస్తే గడి ఎంత బిగుతుగా ఉందో తెలుస్తుంది. అనంతగిరిలో పుట్టిన మూసీ తూర్పుకు సాగి హైదరాబాదు మీదుగా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. తాండూరు పక్కన పారే కాగ్నా పడమటికి పోయి భీమలో కలుస్తుంది. రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం, నేటి మళ్ఖేడ్, ఆ నది ఒడ్డునే ఉంది. అంటే వికారాబాదు, తాండూరుల మధ్య నీరు రెండు వైపులకు విడిపోతుంది. తెలుగు, కన్నడ, ఉర్దూ కలిసి నడిచే ఈ నేల ఒక రాజధానికి అంచు కాదు, అనేక రాజధానుల మధ్య నడిచే దారి. కల్యాణి, బీదరు, గుల్బర్గా, గోల్కొండల మధ్య రాకపోకలన్నీ ఇటువంటి మెట్టనేలల మీదుగా సాగినవే. పటంలో ఇది గోల్కొండకు చెందుతుందా, బీదరుకా అన్న ప్రశ్న ఆటగాళ్ళకు ముఖ్యం. ఇక్కడ బతికినవారికి ఎద్దులకు నీళ్ళెక్కడ దొరుకుతాయన్నది ముఖ్యం.

ఇంకొక చిన్న సంగతి. ‘యూరోపా యూనివర్సాలిస్ 4’లో ప్రతి గడికీ ఒకే ఒక సరుకు ఉంటుంది. తాండూరుకు ఏ సరుకు రాయాలి? 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన కందినా, ఇంటింటా నేలమీద పరచిన నాపరాయినా? ఏది రాసినా ఆ సరుకు ఎవరి వీపుమీద బయటికి పోయిందన్న గడి మాత్రం ఖాళీగానే మిగులుతుంది.

4. ఎద్దులు అంకెగా మారడం

ఈ వ్యాసానికి కేంద్రం ఇదే. దక్కన్ యుద్ధాల గురించి ఏ చరిత్రగ్రంథం తెరిచినా సైన్యాలకు తిండిగింజలు ఎలా అందాయన్న ప్రశ్నకు జవాబుగా బంజారాలు, తెలంగాణలో లంబాడాలు, కనిపిస్తారు. వేలాది ఎద్దులమీద ధాన్యం, ఉప్పు నడిపించిన వారి బిడారుకే తండా అని పేరు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పది పన్నెండు వేల ఎద్దుల బిడారులను ప్రస్తావించాడు. 1791–92లో శ్రీరంగపట్నం మీదికి నడిచిన కార్న్‌వాలిస్ సైన్యం కూడా వారిమీద ఆధారపడింది. దక్కన్ దండయాత్రల కాలంలో ఆసఫ్ ఖాన్ భంగి, జంగి అనే బంజారా నాయకులకు హక్కులు రాసిన రాగిరేకు ఇచ్చాడన్న ఐతిహ్యం లంబాడాల్లో బలంగా ఉంది. ఆ రేకు చారిత్రకతపై ఎవరి అభిప్రాయం ఏదైనా, ఒక సామ్రాజ్యపు అధికారి తమతో ఒప్పందానికి దిగవలసి వచ్చిందని ఒక సంచార సమూహం గుర్తుపెట్టుకుంది. అది కోల్పోయిన బేరసారపు శక్తి జ్ఞాపకం.

ఇప్పుడు ఆట వైపు చూద్దాం. ‘యూరోపా యూనివర్సాలిస్ 4’లో ప్రతి గడికీ సరఫరా పరిమితి అనే అంకె ఉంటుంది. నేల స్వభావం, ఆ గడి అభివృద్ధి స్థాయి వంటివాటిని బట్టి ఆ అంకె నిర్ణయమవుతుంది. అంతకు మించిన సైన్యాన్ని అక్కడ నిలిపితే నెలనెలా సైనికులు తరిగిపోతారు. ఇది తెలివైన నియమమే. సైన్యం గాలి భోంచేసి బతకదని ఆటగాడికి నేర్పుతుంది. కానీ ఆ నియమం తిండిని నేలలోంచే పుట్టిస్తుంది. ఏ గడిలో నిలబడితే ఆ గడి తిండి. దక్కన్‌లో జరిగింది ఇది కాదు. కరువు ప్రాంతంలో, నాశనమైన పొలాల మధ్య కూడా సైన్యాలు నిలిచాయంటే వందల మైళ్ళ అవతలి నుంచి తండాలు ధాన్యం తెచ్చినందువల్ల. వాటిని రప్పించుకోలేని సేనాపతి గెలిచే యుద్ధాన్ని వదిలి వెనక్కి మళ్ళవలసి వచ్చేది. అంటే తండా ఒక రాజకీయ పాత్రధారి. ఎవరికి అమ్మాలి, ఎవరికి అమ్మకూడదు, ఏ దారి పట్టాలి అన్న నిర్ణయాలు తీసుకుంది. ఆటలో ఆ నిర్ణయాలన్నీ కలిసి పటం మూలన కనిపించే ఒక అంకె అయ్యాయి.

ఐనూల విషయంలో ‘స్థానికుల సంఖ్య’, లంబాడాల విషయంలో ‘సరఫరా పరిమితి’. ఒకరు అడ్డంకిగా అంకె అయ్యారు, మరొకరు సౌకర్యంగా అంకె అయ్యారు. రెండు చోట్లా పోయింది ఒకటే: కదలిక మీద ఆధారపడిన వారి నిర్ణయాధికారం.

ఈ ఆటకు సంచారం తెలియదని కూడా అనలేం. ఉత్తర అమెరికా ఆదివాసీ సమాజాలు ఒక గడి నుంచి మరొక గడికి తరలిపోయే నియమం ఇందులో ఉంది. 2021 నాటి ‘లెవయథన్’ విస్తరణ వారికి తెగల భూమి అన్న భావనను జోడించింది. అయితే ఆ సంచారం రాజ్యానికి ముందటి దశగా, సంస్కరణలు చేసుకుని దాటవలసిన మెట్టుగా రూపొందింది. రాజ్యాల నడుమ, రాజ్యాలకు సేవచేస్తూ, రాజ్యాలతో బేరమాడుతూ సాగే సంచారానికి నమూనా లేదు. మనకు కావలసింది ఆ రెండోదే.

5. ఎవరి కన్ను?

దీనికొక సమాధానం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఈ ఆటల్లో ఆటగాడు రాజ్యం స్థానంలో ఉంటాడు. కనుక రాజ్యానికి కనిపించేదే అతనికీ కనిపిస్తుంది. జేమ్స్ స్కాట్ 1998లో వివరించిన రాజ్యదృష్టి ఇదేనని, ఆట దాన్ని నిజాయితీగా చూపుతోందని వాదించవచ్చు. ఈ వాదం నన్ను చాలాకాలం ఆకట్టుకుంది. కానీ అది మొగలాయి సేనాపతికి వర్తించదు. అతనికి తండాలు బాగా కనిపించాయి. ఆ చూపు మీదే అతని విజయం ఆధారపడింది. మత్సుమాయే ప్రభువుకూ ఐనూ నాయకులు వ్యాపార భాగస్వాములుగా, భయపెట్టగల శక్తిగా కనిపించారు. వారిని చూడనిది మరో కాలపు రాజ్యం.

ఆ కాలం ఎప్పటిదో తేదీలు చెబుతాయి. హైదరాబాదు సంస్థానంలో మొదటి సాలార్‌జంగ్ జిలాబందీ ఏర్పాటును 1865లో తెచ్చాడు. పన్ను వసూలు గుత్తేదారుల చేతి నుంచి జిల్లా అధికారుల చేతికి మారింది, భూమి కొలతలు, హద్దులు, పట్టాలు ఆ వెంటే వచ్చాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు తాండూరు, వికారాబాదుల మీదుగా రైలు నడిచింది. ఎద్దులబిడారు వారాల్లో నడిచే దూరాన్ని రైలు గంటల్లోకి కుదించింది. లంబాడాలపై భంగ్యా భూక్యా 2010లో ప్రచురించిన గ్రంథం ఈ మార్పుల కింద సరుకు రవాణా పోగొట్టుకున్న సమూహం ఎలా వ్యవసాయానికీ కూలికీ మళ్ళిందో, సంచారమే నేరంగా చూసే దృష్టికి ఎలా గురైందో చూపుతుంది. సరిగ్గా ఈ సంవత్సరాల్లోనే హొక్కైడోలో కైతకుషి పనిచేస్తోంది. 1877 నాటి భూమి పట్టాల నిబంధన ఐనూల నివాసస్థలాలను ప్రభుత్వ భూమి పద్దు కింద చేర్చింది. 1899 నాటి ‘పూర్వ ఆదివాసుల’ రక్షణ చట్టం సేద్యం చేస్తామన్న ఐనూ కుటుంబానికి సుమారు ఐదు హెక్టార్ల వరకు ఇచ్చింది. పదిహేనేళ్ళలో సాగులోకి తేకపోతే వెనక్కి తీసుకుంది. నది ఎగువకు, దిగువకు సాగిన ఇవొర్ ఆ చట్టంలో ఒక తునక పొలమైంది.

అనంతగిరికీ హొక్కైడోకూ మధ్య సంబంధం ఇక్కడుంది. వ్యూహాత్మక ఆటలు 1444 అని తేదీ వేసి మనకు చూపేది 1870ల సర్వే ఉద్యోగి కన్ను. అంగుళం విడవకుండా నేలను హద్దులున్న ముక్కలుగా పంచి, ప్రతి ముక్కకూ ఒక యజమానిని, ఒక పంటను, ఒక రాబడిని రాసే కన్ను అది. రాయడానికి యజమాని దొరకని చోట బంజరు, పోరంబోకు అని రాస్తుంది. ఆటలో ఆ మాటకు సమానార్థకం వలసకు తెరచిన గడి.

ఈ కన్ను గతంలో ఆగిపోలేదు కనుకనే ఇది కేవలం ఆటల ముచ్చట కాదు. వికారాబాదు జిల్లా పూడూరు మండలంలోని దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాల్లో నౌకాదళ వీఎల్ఎఫ్ సమాచార ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. దేశ రక్షణ అవసరాన్ని తూచే పని ఈ వ్యాసానిది కాదు. ఆ సందర్భంలో జరిగిన చర్చల్లో అడవి రెండు రకాలుగా వినిపించింది: ఒకరి మాటలో విస్తీర్ణం, మరొకరి మాటలో గుడికి పోయే బాట, పశువుల మేత, మూసీకి చేరే నీరు. మొదటిదానికి అంకె ఉంది. రెండోదాన్ని రాయడానికి పద్దు లేదు.

తండా అన్న మాట చరిత్ర కూడా ఇదే చెబుతుంది. నడిచే బిడారుకు పేరైన మాట ఇప్పుడు నిలిచిపోయిన ఊరికి పేరు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం తరువాత అనేక తండాలు ప్రత్యేక గ్రామపంచాయతీలయ్యాయి. పరిగి, కొడంగల్, తాండూరు వైపు తండాల్లో ఇది నిజమైన లాభం. సర్పంచి పదవి, నిధులు, రోడ్డు వాటితో వచ్చాయి. దాన్ని తక్కువచేసి మాట్లాడటం దూరాన కూర్చున్న విమర్శకుడి విలాసం. కానీ ఆ లాభం ఏ షరతుమీద వచ్చిందో గుర్తించాలి. పటంలో గడి అయితేనే లెక్కలోకి వచ్చింది.

6. జెండా ఇస్తే చాలా?

ఆటల తయారీదారులు విమర్శను అసలు వినలేదనడం సరికాదు. ‘సివిలైజేషన్ 5’లో ప్యూబ్లో జాతి నాయకుడు పోపేను చేర్చాలనుకున్న ఫిరాక్సిస్ సంస్థ ఆ జాతి పెద్దల అభ్యంతరంతో ఆలోచన మానుకొని షొషోనీలను చేర్చింది. 2018లో ‘సివిలైజేషన్ 6’ క్రీ నాయకుడు పౌండ్‌మేకర్‌ను తెచ్చినప్పుడు ఆ సమాజానికే చెందిన మిల్టన్ టూటూసిస్ బహిరంగంగా ఆక్షేపించారు. తమ పూర్వీకులు కూడా ఇతరుల నేలలను జయించే కోరికతోనే బతికారన్న అపోహను ఆట నిలబెడుతుందన్నది ఆయన ఆక్షేపణ సారాంశం. ఈ మొత్తం చర్చలో నాకు అత్యంత సూటిగా తోచిన విమర్శ అదే. బొమ్మ బాగాలేదని ఆయన అనలేదు. మమ్మల్ని కూర్చోబెట్టిన కుర్చీయే తప్పన్నారు.

ఆ మాట వెలుగులో ‘యూరోపా యూనివర్సాలిస్ 4’లోని ఐనూ రాజ్యాన్ని చూడాలి. ఖాళీ గడికంటే అది మెరుగు. ఆడాలనుకున్నవారు ఐనూ పక్షాన ఆడవచ్చు, మత్సుమాయే రాకను అడ్డుకోవచ్చు. అయితే ఐనూలకు ఒకే రాజు, ఒకే ఖజానా, ఒకే సైన్యం ఉన్న కాలం లేదు. షకుషైన్ కూడా ఒక నదీ ప్రాంతపు నాయకుడిగా మొదలై ఇతరులను కూడగట్టినవాడు. వారికి జెండా ఇవ్వడమంటే రాజ్యంగా మారితేనే ఆటలోకి రానిస్తామని చెప్పడం. గోండ్వానాకు ఈ ఆటలో దక్కిన చోటును దీనితో పోల్చవచ్చు. గోండులకు గఢా, దేవగఢ్, చాందా వంటి చోట్ల నిజంగానే రాజవంశాలున్నాయి కనుక అక్కడ జెండా చరిత్రకు దగ్గరగా ఉంది. నల్లమల చెంచులకు అదే కొలత పెడితే వారు మళ్ళీ లేనివారవుతారు. ఆదివాసీ అన్న ఒక్క మాట కింద ఈ భేదాలను కలిపేయడం మన పరిశోధనల్లో కూడా ఉన్న జబ్బే.

‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ వరుసలో ఇంకొక రకపు తడబాటు ఉంది. మూడో ఆటకు 2007లో వచ్చిన ఆసియా విస్తరణలో దక్కన్, హోన్షు పేర్లతో పటాలున్నాయి. అమెరికా పటాల్లో ఆటగాడు పొత్తు పెట్టుకునే చిన్న సమూహాలు చెరొకీ, క్రీ వంటి జాతులు. ఆసియాకు వచ్చేసరికి ఆ చోట్లో జాతులు లేవు. భక్తి, సూఫీ, జెన్ వంటి మతసంప్రదాయాలున్నాయి. అమెరికాలో నేలకు పాతకాపులుంటారు, ఆసియాలో నేలమీద గుళ్ళుంటాయి. 2020 నాటి నవీకరణలో లకోటా, హౌడెనొసౌనీ ప్రజలకు వారి సొంత పేర్లిచ్చి, వారిచేత గనులు తవ్వించే నియమం తీసేశారు. పేరు మార్చడంతో ఆగకుండా నియమాన్ని ముట్టుకున్న సవరణ కనుక దీన్ని నేను ఎక్కువగా లెక్కిస్తాను. 2022లో రెండో ఆటకు వచ్చిన భారత రాజవంశాల విస్తరణ దక్షిణాదికి ద్రావిడులన్న పేరుతో ఒక నాగరికతనిచ్చింది. దాని సైనికులు తమిళం మాట్లాడతారు. దాని ప్రత్యేక విద్యల్లో ఊట్జ్ ఉక్కు ఒకటి. నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఆ ఉక్కు తయారీకి పేరుపొందిన ఊరు. ఉక్కు ఆటలోకి వెళ్ళింది. దాన్ని కరిగించిన కొలిమి ఊరి భాషకు అక్కడ చోటు లేదు. తెలుగువారికి జెండా కావాలని దీనికి అర్థం చెప్పుకోవద్దు. సరుకు, విద్య, అంకె తేలిగ్గా లోపలికి పోతాయి, మనుషులు బయట మిగులుతారు అన్న పాత సంగతికే ఇది మరో రుజువు.

7. పులిజూదం పలక

అయితే ఇంకెలా చేయాలి అన్న ప్రశ్నకు ఆట రూపకల్పన భాషలోనే జవాబు వెతకాలి. గుడి మండపాల బండలమీద, ఊరి అరుగుల నాపరాళ్ళమీద గీసిన పులిజూదం పలకను ఒకసారి గుర్తుచేసుకుందాం. దానిలో గడులకు విలువ లేదు. గీతలున్నాయి, గీతలు కలిసే చోట్లున్నాయి. కాయలు నిలిచేది ఆ కూడళ్ళలో. ఎవరూ నేలను ఆక్రమించరు. పులికి మేకల్ని తినడం పని, మేకలకు పులి దారులు మూయడం పని. రెండు పక్షాల బలం, సంఖ్య, నడక, గెలుపు షరతు అన్నీ వేరు. ఆధునిక వ్యూహాత్మక ఆట సమాన స్వభావం ఉన్న రాజ్యాలు నేలకోసం పోటీపడటాన్ని ఏకైక నమూనాగా తీసుకుంది. దారిని ప్రాథమిక ప్రమాణంగా, అసమాన పక్షాలను సహజంగా తీసుకున్న నమూనా మన అరుగులమీద ఎప్పటినుంచో ఉంది. దాన్ని సంప్రదాయ వైభవంగా పొగడటం కోసం ఈ మాట అనడం లేదు. ఆట అంటే గడులను ఆక్రమించడమే అన్నది సాంకేతిక అనివార్యత కాదని చెప్పడానికి అంటున్నాను.

పారడాక్స్ సంస్థే ఆ దిశగా ఒక తలుపు తెరిచింది. 2025 నవంబరులో వచ్చిన ‘యూరోపా యూనివర్సాలిస్ 5’ 1337లో మొదలవుతుంది. జనాభాను సమూహాలుగా లెక్కిస్తుంది. నేలమీద యాజమాన్యం లేకుండా కట్టడాల ఆధారంగా నిలిచే శక్తులకు కూడా చోటిస్తుంది. ఈ అవకాశం ఫ్లోరెన్సు బ్యాంకింగు కుటుంబాల వంటివారిని దృష్టిలో పెట్టుకున్నది. డబ్బు నడిపినవారికి నేల లేకుండానే రాజకీయ అస్తిత్వం ఉండవచ్చని ఒప్పుకున్నాక, ధాన్యం నడిపినవారికి, పట్టువస్త్రం నడిపినవారికి దాన్ని నిరాకరించడానికి సాంకేతిక కారణం మిగలదు. అటువంటి నియమం ఎలా ఉండాలో ఊహించడం కష్టం కాదు. సరఫరా గడిలోంచి పుట్టకూడదు, తండాతోపాటు రావాలి. తండాకు తన ఎద్దుల సంఖ్య, మేత, నీటి మజిలీలు ఉండాలి. సేనాపతి దాన్ని పిలవాలి, ధర కుదుర్చుకోవాలి, దారికి రక్షణ ఇవ్వాలి. కాగ్నా ఒడ్డున తండా ఒక పూట ఆగి, గోల్కొండ వైపు పోవాలా గుల్బర్గా వైపు పోవాలా అని తనే తేల్చుకోగలగాలి. బేరం కుదరకపోతే రెండింటికీ వెళ్ళకుండా తిరిగిపోగలగాలి.